అవ్వ గుర్తులు: ఏది ముందు చెడిపోతుందో దాన్ని ముందు పట్టుకోండి

మీరు అడిగింది ఇది: "మా అవ్వ పోయి రెండు నెలలైంది. మాది కావలి దగ్గర పల్లె, అవ్వ పుట్టినిల్లు కనిగిరి వైపు. ఆధార్ ఫొటో పెద్దది చేయించి దండ వేశాం గానీ అది అవ్వలా లేదు. ఏడాదిలోపు ఊళ్ళో ఆమె పేరుతో ఒక రాయి వేయించాలి, చిన్న పుస్తకం తేవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?"

రాయితో మాత్రం మొదలుపెట్టకండి. గ్రానైటు ఇవాళ వేయించినా, మూడేళ్ళకు వేయించినా ఒకటే, అది ఎక్కడికీ పోదు. ఆమె ఫోన్లో ఉన్న గొంతు ఇంకో రెండు నెలలు కూడా ఆగకపోవచ్చు. ఆమె చెల్లెలికి ఎనభై దాటి ఉంటే ఆమె జ్ఞాపకం ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలియదు. చీరకున్న వాసన వేసవి దాటదు. చాలా ఇళ్ళలో పని తలకిందులుగా జరుగుతుంది. ముందు ఫ్లెక్సీ, తర్వాత పెద్ద ఫొటో, ఆపైన రాయి. ఇవన్నీ అయ్యాక "అవ్వ గొంతు ఎవరి దగ్గరైనా ఉందా" అని వెతుకుతారు. అప్పటికి ఆ ఫోన్ ఖాళీ చేసి పిల్లకాయలకు ఆడుకోడానికి ఇచ్చేసి ఉంటారు.

కాబట్టి ఇవాళే ఫోన్ సంగతి చూడండి. ఆమె ప్రీపెయిడ్ సిమ్‌కి 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబరు ఆపేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలుంటే అది తీసుకుని ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆ నంబరు వేరేవాళ్ళకు పోతుంది. చిన్న రీచార్జి చేసి ఆ సిమ్ నుంచి ఒక కాల్ చేయండి. బ్యాంకు, పింఛను కాగితాల పని ముగిసేదాకా నంబరు బతికుండటం ఎలాగూ మంచిది. అయితే ఆమె ఏటీఎం కార్డుతోనో ఫోన్‌పేతోనో డబ్బు తీయకండి. అది నామినీ ద్వారానో వారసుల ద్వారానో జరగాల్సిన పని.

వాట్సాప్ ఖాతా దాదాపు 120 రోజులు తెరవకుండా ఉంటే వాళ్ళే తొలగిస్తారు. ఆమె ఫోన్‌కి చార్జింగ్ పెట్టి, నెట్ ఇచ్చి, ఒకసారి తెరవండి. ఆమె నంబరుతో వేరే ఫోన్లో లాగిన్ అవ్వకండి. అలా చేస్తే పాత ఫోన్లోది బయటికి వచ్చేస్తుంది, బ్యాకప్ లేకపోతే కొత్త ఫోన్లో పాత చాట్లు కనపడవు. వాయిస్ మెసేజులు ఆండ్రాయిడ్ ఫోన్లో ఫైల్ మేనేజర్ తెరిచి, ఆండ్రాయిడ్, మీడియా, కామ్.వాట్సాప్, వాట్సాప్, మీడియా, వాట్సాప్ వాయిస్ నోట్స్ అనే దారిలో వెళ్తే దొరుకుతాయి. అక్కడ వారం వారానికి ఒక ఫోల్డరు ఉంటుంది. ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది, చివర ఓపస్ అని ఉంటుంది. మొత్తం ఫోల్డరును కేబుల్‌తో కంప్యూటరుకి కాపీ చేయండి. ఓపస్ ఫైలు కొన్ని ప్లేయర్లలో మోగదు, దాన్ని చూసి పాడైందనుకుని తీసేస్తారు. వీఎల్‌సీలో మోగుతుంది. ఎంపీ3గా మార్చుకోండి, కానీ అసలు ఓపస్ ఫైలును మాత్రం అలాగే ఉంచండి. మార్చిన ప్రతిసారీ కాస్త నాణ్యత పోతుంది.

ఆమె పంపిన మెసేజులు ఆమె ఫోన్లో కంటే అందుకున్నవాళ్ళ ఫోన్లలోనే ఎక్కువ దొరుకుతాయి. పెద్దవాళ్ళ ఫోన్ నిండిపోయిందని ఎవరో ఒకరు అన్నీ తుడిచేస్తూ ఉంటారు మరి. హైదరాబాదులో ఉన్న మనవడినీ, దేశం దాటిన మనవరాలినీ అందరినీ అడగండి. అడిగేటప్పుడు "ఫార్వర్డ్ చేయండి" అనకండి. ఫార్వర్డ్ చేస్తే అసలు తేదీ పోయి ఇవాళ్టి తేదీ పడుతుంది. చాట్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మీడియాతో సహా ఈమెయిల్‌కో గూగుల్ డ్రైవ్‌కో పంపమనండి. చాట్ మరీ పెద్దదైతే మొత్తం రాదు, పాతవి తెగిపోతాయి. అప్పుడు ఫోల్డరు కాపీ ఒక్కటే దారి. కాల్ రికార్డింగులూ వెతకండి. కొన్నేళ్ళ కిందటి చాలా ఫోన్లలో ప్రతి కాలూ దానంతటదే రికార్డయ్యేలా పెట్టుకునే వీలుండేది. చాలామందికి తమ ఫోన్లో అవ్వ మాటలు గంటలకొద్దీ ఉన్నాయన్న సంగతే తెలియదు.

ఇంట్లో పెళ్ళి వీడియో క్యాసెట్లు ఉంటే, వాటిలో ఆమె గొంతు దొరుకుతుందని పెద్దగా ఆశ పెట్టుకోకండి. స్టూడియోవాళ్ళు ఎడిటింగ్‌లో సినిమా పాటలు కలిపి అసలు శబ్దం తీసేస్తారు. ఎడిట్ చేయని క్యాసెట్టు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే అది బంగారం. భోజనాల దగ్గర, పెళ్ళికూతుర్ని సాగనంపే దగ్గర ఆమె మాటలు దొరకొచ్చు. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి బూజు కనపడిందా, దాన్ని ప్లేయర్లో పెట్టవద్దు. బూజు హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో ఇది మామూలే. ముందు శుభ్రం చేయించి, తర్వాత ఎక్కించాలి. కంప్యూటరులోకి ఎక్కించేవాళ్ళను డీవీ (డిజిటల్ వీడియో) నాణ్యతలో ఫైలు ఇమ్మనండి, గంటకు 13 జీబీ దాకా వస్తుంది. ఒక డీవీడీలో మూడు గంటలు కుక్కి ఇస్తామంటే అది అసలు కాపీ కాదు.

ఇక మనుషులు. పుస్తకం వేయాలంటే ఎక్కువ సరుకు వచ్చేది ఇక్కడే. ఆమె తోడబుట్టినవాళ్ళు, వదినా మరదళ్ళు, పక్కింటివాళ్ళు, ఆమెతో కలిసి నాట్లకు, కలుపులకు వెళ్ళినవాళ్ళు. కొడుకులూ కూతుళ్ళూ ఆమెను అమ్మగానే చూశారు. ఆమె పదేళ్ళ పిల్లగా ఎలా ఉండేదో చెప్పగలిగింది చెల్లెలే. కనిగిరి వైపు ఆమె తరం వాళ్ళు ఎంతమంది మిగిలారో ఒక కాగితం మీద రాసుకుని, వయసులో పెద్దవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళండి.

రికార్డు చేసేటప్పుడు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, మాట్లాడే మనిషికి ఒక మూర దూరంలో ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే ప్రతి తట్టుడూ వినపడుతుంది. ఫ్యాను ఆపాలి. ఆపితే ఉక్కపోత, అందుకే పొద్దున ఏడు, ఎనిమిది గంటలకు వెళ్ళండి. మొదట మీరే తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారు, అవ్వకు ఏమవుతారు అని చెప్పండి. ఒక్కసారికి నలభై ఐదు నిమిషాలు చాలు. పెద్దవాళ్ళు అలిసిపోయాక మర్యాదకి మాట్లాడతారు, అందులో పస ఉండదు. ఏడుపొస్తే రికార్డింగు ఆపి పక్కన కూర్చోండి, మళ్ళీ ఇంకోరోజు వెళ్లొచ్చు.

"అవ్వ గురించి చెప్పండి" అని అడిగితే "మహాతల్లి, అందరికీ పెట్టేది" అన్న ఒక్క ముక్కతో ఆగిపోతుంది. వస్తువు చూపించి అడగండి, లేదా ఇల్లు నడిపించండి. "వాకిట్లోంచి లోపలికి వస్తే ముందు ఏముండేది? నీళ్ళ కుండ ఎక్కడ? ఆమె ఎక్కడ పడుకునేది? తెల్లారి లేచి ముందు ఏం పట్టుకునేది?" ఇలా అడిగితే మాట తానే సాగుతుంది. ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ మాండలిక పదకోశానికి మాటలు పోగైంది రైతుల నోళ్ళ నుంచే. పనినీ పనిముట్టునూ పట్టుకుని అడిగితేనే అసలు మాట బయటపడుతుంది. మీరు కూడా మాటను దిద్దకండి. కావలి, నెల్లూరు వైపు ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ అంటే అలాగే రాయండి. పుస్తకంలో వాటిని ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప అని మార్చారంటే అక్కడ మాట్లాడేది అవ్వ కాదు. ఆమె పుట్టినింటి మాట ఒకటీ, మెట్టినింటి మాట ఒకటీ కలిపి వాడి ఉంటుంది. ఏ మాట ఏ వైపుదో ఆమె చెల్లెలు ఇట్టే చెప్పేస్తుంది.

ఏళ్ళు పట్టుకోవడం కష్టం. "ఏ సంవత్సరం?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఊరందరికీ గుర్తున్న సంఘటనల పక్కన పెట్టి అడగండి. పొట్టి శ్రీరాములు గారు చనిపోయింది 1952 డిసెంబరు 15న, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను 1984 నవంబరు. పెద్ద తుపాను ఇంకొకటి 1990 మే. "ఉప్పెనప్పటికి నాన్న నడుస్తున్నాడా, చంకలోనా?" అంటే జవాబు వస్తుంది, ఏడాది అటూ ఇటూగా లెక్క తేలుతుంది. ఇంకో ప్రశ్న మన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళ విషయంలో తప్పకుండా అడగాల్సింది: సారా ఉద్యమం. దూబగుంటలో మొదలై 1992లో జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్ళింది. ఆ రోజుల్లో చీపురు పట్టుకుని అంగడి ముందు కూర్చున్న ఆడవాళ్ళలో ఎంతోమంది ఆ సంగతి ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు. మీ అవ్వ అందులో ఉందో లేదో ఆమె ఈడు వాళ్ళనే అడగండి.

పుట్టిన తేదీ విషయంలో ఆధార్‌ని నమ్మి రాతి మీద చెక్కించకండి. జనవరి 1 అనో జూలై 1 అనో ఉంటే అది చాలావరకు అంచనా వయసు పెట్టి రాసిందే. దానికంటే పాత దస్తావేజులు నయం. పొలం కొన్నప్పుడో అమ్మినప్పుడో "వయస్సు సుమారు 35 సం." అని ఉంటుంది, పక్కన ఆమె సంతకమో వేలిముద్రో ఉంటుంది. చదువు రాని అవ్వ చేతి గుర్తు అదొక్కటే కావచ్చు, దాన్ని తప్పకుండా స్కాన్ చేయించండి. 1983 నుంచి జరిగిన లావాదేవీలకు ఈసీ (ఆ ఆస్తి లావాదేవీల జాబితా ఇచ్చే పత్రం) ఆన్‌లైన్లో తీయవచ్చు. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్ళాలి. ఇక్కడ చాలామంది జిల్లా దగ్గర పొరబడతారు. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది. అంతకు ముందు కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరు జిల్లాలోవి. ఒంగోలు, అద్దంకి గుంటూరువి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. మీ అవ్వ పుట్టినింటి పాత కాగితాల మీద "నెల్లూరు జిల్లా" అని ఉంటే తికమక పడొద్దు, అది తప్పు కాదు.

కాగితాల మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. మరణం 21 రోజుల్లో నమోదు కావాలి. కాకపోయి ఉంటే ఇప్పుడు 30 రోజులు దాటాయి కాబట్టి అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటనిస్తే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది. పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గర పని. ఇంటిపేరూ పేరూ ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఎలా ఉన్నాయో అలాగే పడేలా చూడండి. తర్వాత దిద్దించుకోవడానికి తిరిగే తిరుగుడు మొదట రాయించడం కంటే ఎక్కువ.

తిథి కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి. ప్రాణం పోయిన గంట, నిమిషం, ఊరు, తెలుగు మాసం, పక్షం, తిథి, ఏ పంచాంగం చూసి చెప్పారు. చివరిది ఎందుకంటే గ్రహాల అసలు స్థానాన్ని బట్టి లెక్కించే దృక్ పంచాంగానికీ పాత పద్ధతి పంచాంగానికీ తిథి మారే సమయంలో గంటల తేడా ఉంటుంది, ఏటా అన్నదమ్ములు చెరొక రోజు అంటూ వాదించుకునేది దీనివల్లే. తెల్లవారుజామున పోయి ఉంటే ఇంగ్లీషు తేదీ ఒకటి, మన లెక్కలో రోజు ఇంకొకటి. రెండూ రాయండి. అధిక మాసం వచ్చిన ఏడు ఇంకో చిక్కు. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. మామూలు జ్యేష్ఠంలో పోయినవాళ్ళ ఆబ్దికం సాధారణంగా నిజ జ్యేష్ఠంలోనే పెడతారు, మాసికాల లెక్క మాత్రం మీ పురోహితుణ్ణి ముందే అడిగి రాసుకోండి. తాతయ్య ఉండగానే ఆమె పోయి ఉంటే మహాలయ పక్షంలో అవిధవా నవమి, అంటే భాద్రపద బహుళ నవమి, ఆమెది. మంత్రాలతో తద్దినం పెట్టే ఆనవాయితీ లేని ఇళ్ళలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునేటప్పుడు ఆమెకూ పెడతారు. ఏది మీ ఇంటి పద్ధతో అది చేయండి, పక్కింటివాళ్ళను చూసి కొత్తవి తగిలించుకోవద్దు.

వంట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ ఇక్కడే ఓడిపోతారు. "అవ్వ చేపల పులుసు మళ్ళీ ఎవరికీ రాలేదు" అనే మాట నెల్లూరులో వినని ఇల్లు లేదు. కారణం చేతివాసన అనేస్తారు. చాలాసార్లు కారణం గిన్నె.

ఆమె కొలతలు గిద్ద, సోల, "ఈ గ్లాసుకు ఒకటిన్నర" అన్నట్టు ఉంటాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని లెక్క ఉంది గానీ, గిద్ద ఒక్కో ఊరిలో ఒక్కో పరిమాణం. పట్టిక చూడొద్దు, ఆమె వాడిన గిద్దే తెండి. ఖాళీ గిద్దను వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి సున్నా చేసి, అంచుదాకా నీళ్ళు పోయండి. ఎన్ని గ్రాములైతే అన్ని మిల్లీలీటర్లు. ఆ తర్వాత అదే గిద్దతో బియ్యం, కారం, కల్లుప్పు, మెత్తటి ఉప్పు విడివిడిగా తూచి రాసుకోండి. ఆమె తలకొట్టి పోసేదా, గోపురంగా పోసేదా అన్నది కూడా అడగండి, అక్కడే కారం పావు వంతు తేడా వస్తుంది. చెయ్యి కొలత అయితే, అంటే గుప్పెడు, చిటికెడు అయితే, ఆమె చేతి సైజుకు దగ్గరున్న మనిషి చేత పట్టించి తూచండి.

ఉప్పు విషయం ప్రత్యేకం. ఆమె వాడింది కల్లుప్పు. రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి గిన్నెడు కల్లుప్పు కంటే గిన్నెడు మెత్తటి ఉప్పు బరువెక్కువ. అదే గిన్నెతో మెత్తటి ఉప్పు వేస్తే ఆవకాయ ఉప్పు కషాయం అవుతుంది. అలాగని ఆవకాయ పాళ్ళన్నీ గ్రాముల్లోకి సమానంగా మార్చినా చెడుతుంది. గిన్నెకు గిన్నె అన్న లెక్కలో కారం కంటే ఉప్పు బరువు రెండింతలకు పైన ఉంటుంది. "ఒకటికి ఒకటి" అని త్రాసు మీద పెడితే ఉప్పు చాలక ముక్క మెత్తబడి బూజు పడుతుంది.

పులుసుకు పద్ధతి చెబుతాను. ఆమె చేత్తో తిన్న ముగ్గురిని పిలవండి, అంతకంటే ఎక్కువ వద్దు, గొడవ అవుతుంది. కిలో చేపకు మొదటిసారి చింతపండు 70 నుంచి 80 గ్రాములు, కారం 30, కల్లుప్పు 25, నూనె 120 మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి. మామిడికాయ వేసే కాలమైతే చింతపండు మూడో వంతు తగ్గించాలి. ఇవి ఆమె కొలతలు కావు, బయలుదేరే చోటు మాత్రమే. తిన్నవాళ్ళను "ఎలా ఉంది" అని అడగొద్దు, "ఏం తక్కువ, ఏం ఎక్కువ" అని అడగండి. మొదటి మాట ఉప్పు అంటారు, దాన్ని అప్పుడే నమ్మకండి. రెండో ముద్ద తర్వాత చెప్పేది నమ్మండి. మళ్ళీ వండేటప్పుడు ఒక్కటే మార్చండి. రెండు మార్చి రుచి కలిసిందంటే దేనివల్ల కలిసిందో తెలియదు. సాధారణంగా తప్పు జరిగే చోట్లు ఇవి: ఆమె పాత చింతపండు వాడి ఉంటుంది, మీరు కొత్తది వాడతారు, రంగూ పులుపూ రెండూ మారతాయి. ఆమె మట్టి చట్టిలో పొయ్యి మీద చేసింది, దించాక కూడా చట్టి వేడికి పులుసు చాలాసేపు మగ్గుతుంది. స్టీలు గిన్నెలో అది జరగదు కాబట్టి ఇంకో ఐదారు నిమిషాలు సన్నటి సెగ మీద ఉంచాలి. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పి ఉంటుంది. ఇక అందరూ మరిచిపోయేది ఒకటుంది. మీకు గుర్తున్న రుచి చాలావరకు మర్నాటి పులుసుది. రాత్రి వండి, పొద్దున్నే చద్దన్నంలోకి తిని చూసి అప్పుడు తీర్పు చెప్పండి. పచ్చళ్ళు కలవకపోతే మిక్సీని అనుమానించండి. రోలును పాతసామానువాళ్ళకు ఇచ్చేయకండి.

బట్టలకు వద్దాం. వాసన ఉంచుకోవాలంటే ఉతకని ఒక రవిక చాలు. నీడలో గంటసేపు ఆరబెట్టి, తడి లేని గాజు సీసాలో పెట్టి బిగించండి. తడితో పెడితే వారంలో బూజు. కలరా ఉండలు పెడితే వాసనంతా వాటిదే. ఎంత జాగ్రత్త పెట్టినా నెలల్లో పలచబడుతుంది, తెరిచిన ప్రతిసారీ కొంత పోతుంది. ఇది ముందే తెలుసుకుంటే తర్వాత బాధ తక్కువ.

దాచే చీర వేరు. వెంకటగిరి నేత చీరైనా, చీరాల చీరైనా గంజి పూర్తిగా పోయేలా ఉతికి దాచాలి. గంజి తినడానికే వెండిపురుగులు వస్తాయి. జరీ ఉన్నదానికి అత్తరు, సెంటు తగలకూడదు, కలరా ఉండ ఆనకూడదు. ప్లాస్టిక్ కవరు వద్దు, ఉతికిన పాత తెల్ల పంచెలో చుట్టండి. మూడు నాలుగు నెలలకోసారి విప్పి, గాలికి పెట్టి, మడత చోటు మార్చి మళ్ళీ చుట్టాలి. ఒకే మడతలో ఏళ్ళు ఉంటే జరీ అక్కడే చిట్లుతుంది. మిగతా వాడుక చీరల్ని మనవళ్ళకు, మనవరాళ్ళకు ముక్కలుగా పంచడం కంటే ఐదారు నూలు చీరలతో ఒక బొంత కుట్టించడం నా దృష్టిలో మేలు. పట్టు, పాలిస్టర్ కలపకూడదు. ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుంటుంది, ఒకటి ముడుచుకోదు, కుట్లు లాగేస్తాయి. ఆమె ఎక్కువ కట్టిన చీరను పై పొరగా వేయించండి. మరీ నీరసించిన చీర లోపొరకే పనికొస్తుంది.

ఇప్పుడు ఫొటో, మీరు మొదట అడిగింది. ఆధార్ ఫొటో పెద్దది చేస్తే ఎందుకు ఆమెలా లేదంటే, అందులో సమాచారమే లేదు. కార్డు మీదిది గోరంత బొమ్మ. 12 బై 18 అంగుళాల ఫొటో శుభ్రంగా రావాలంటే 3600 బై 5400 పిక్సెళ్ళు కావాలి. లేనివి స్టూడియో సాఫ్ట్‌వేర్ కల్పించి నింపుతుంది. చర్మం నున్నగా చేస్తుంది, పుట్టుమచ్చ తీసేస్తుంది, ముక్కుపుడక చుట్టూ గీతలు చెరిపేస్తుంది. అందుకే ఎవరో వేరే ముసలమ్మలా ఉంటుంది. అసలు పాస్‌పోర్టు సైజు ప్రింటు ఒకటి దొరికితే దాన్ని 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల లెక్కన, స్కాన్ చేయించండి. దాదాపు 1650 బై 2100 పిక్సెళ్ళు వస్తాయి, 8 బై 10 దాకా నిలబడుతుంది. అంతకు మించి వద్దు. గోడ మీద చిన్నదే అయినా ఆమెలా ఉండటం ముఖ్యం. గ్రూపు ఫొటోలోంచి తీయాలంటే నెగటివ్ దొరుకుతుందేమో చూడండి. 35 ఎంఎం నెగటివ్‌ను 3200 డీపీఐలో స్కాన్ చేస్తే ప్రింటులో కనపడని ముఖం కూడా బయటికొస్తుంది. సాఫ్ట్‌వేర్ దిద్దిన కాపీని అసలు స్కాన్ పక్కన పెట్టి, ఆమెను రోజూ చూసిన మనిషి చేత ఒప్పించుకున్నాకే ప్రింటుకు ఇవ్వండి.

పాత నలుపు తెలుపు స్టూడియో ఫొటోలు గట్టివి. ముందు కాపాడాల్సింది 1975 నుంచి 1995 దాకా తీసిన రంగు ఫొటోలను, అవి ఇప్పటికే ఎర్రబారి ఉంటాయి. మామూలు సైజు ఫొటోను 600 డీపీఐలో స్కాన్ చేయించండి, దాచుకోడానికి టిఫ్ ఫైలు. జేపెగ్ పంచుకోడానికి. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోని గోటితో లేపొద్దు. సన్నటి నైలాను దారం ఫొటో కిందికి దూర్చి రెండు చేతుల్తో రంపంలా ఆడిస్తే ఊడుతుంది. ఫ్రేము అద్దానికి అతుక్కుపోతే అసలు లాగకండి, అద్దంతోనే స్కాన్ చేయండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయొద్దు, ముందువైపు గీత తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున పేరు రాయండి. దండ వేసే ఫొటో ఎప్పుడూ కాపీయే కావాలి. తడి పూలు, కుంకం, దీపం మసి కలిసి అయిదారేళ్ళలో అసలుదాన్ని తినేస్తాయి.

పోగైన ఫైళ్ళన్నీ మూడు చోట్ల ఉంచండి: ఇంట్లో హార్డ్ డిస్కు, వేరే ఊళ్ళో బంధువు దగ్గర ఇంకొకటి, గూగుల్ డ్రైవ్ లాంటి చోట ఒకటి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్మి బీరువాలో పెడితే కొన్నేళ్ళకు తెరుచుకోకపోవచ్చు. గూగుల్ ఖాతా కూడా రెండేళ్ళు ముట్టుకోకపోతే తొలగించవచ్చు, కాబట్టి అది వాడకంలో ఉన్న మనిషి ఖాతా కావాలి. పుస్తకం ఈ సరుకంతా చేరాక తానే కుదురుతుంది. నలభై పేజీలు మించనివ్వకండి, అచ్చు ముప్పై కాపీలు చాలు.

రాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు చూడ్డానికి బాగుంటుందని అందరూ అదే అడుగుతారు. అందులో మెరిసే బంగారు చుక్కలే చిన్న అక్షరాలకు శత్రువులు. ఒత్తు ఏదో చుక్క ఏదో ఎండలో తెలియదు. అదే తీసుకుంటే అక్షరం ఎత్తు కనీసం అంగుళంన్నర ఉండాలి, చెక్కుడు లోతు మూడు మిల్లీమీటర్లు. చిన్న అక్షరాలు కావాలంటే చుక్కల్లేని నల్లరాయి తీసుకోండి. అక్షరాల్లో నింపే పెయింటు కొన్నేళ్ళకు వెలుస్తుంది. లోతుగా చెక్కించుకుంటే పెయింటు పోయినా నీడలో అక్షరం కనపడుతుంది.

తప్పులు ఎక్కువ దొర్లేది టైపింగులో. డీటీపీ సెంటరులో అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్లో కొట్టిన ఫైలు ఇంకో కంప్యూటరులో తెరిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, రాయి మీద పరిచి, ఇంట్లో ఇద్దరు అక్షరం అక్షరం పైకి చదవాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పుట్టిన తేదీ ఖాయంగా తెలియకపోతే ఏడాది ఒక్కటే వేయించండి, అదీ తెలియకపోతే వదిలేయండి. పోయిన తేదీ పక్కన తిథి వేయిస్తే ఏటా పంచాంగం వెతుక్కునేవాళ్ళకు పనికొస్తుంది. పేరు రెండు రకాలుగా రాయించండి. కాగితాల్లో వెంకటసుబ్బమ్మ అయి ఊరంతా సుబ్బక్క అని పిలిచి ఉంటే కింద వరసలో సుబ్బక్క అనీ ఉండాలి, దారిన పోయే ఆమె ఈడు వాళ్ళు ఆ పేరుకే ఆగుతారు. రాయి దింపాక పొద్దున ఏటవాలు ఎండలో ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చదివి చూసి, అప్పుడు మిగతా డబ్బు ఇవ్వండి.